ఖాళీ చేసిన ఊరు, కాలిపోతున్న ఊరు: 1812లో మాస్కో, నెపోలియన్ — తరచుగా అడిగే ప్రశ్నలు

నెపోలియన్ మాస్కో దండయాత్ర మాట ఎత్తితే చాలు, అందరూ మూడు ముక్కల్లో తేల్చేస్తారు. రష్యావాళ్ళు ఊరు తగలబెట్టుకున్నారు, చలి ముంచుకొచ్చింది, నెపోలియన్ పారిపోయాడు. ఈ మూడు ముక్కల మధ్య ముప్పై అయిదు రోజులు మాయమైపోతున్నాయి. గెలిచిన సైన్యం, జనం లేని ఊళ్ళో, బూడిద మధ్య కూర్చుని ఎదురుచూసిన రోజులవి. అసలు కథంతా అక్కడే ఉందని నా నమ్మకం. నిప్పు కన్నా ఆ ఊరి ఖాళీతనమే నెపోలియన్‌ను ఎక్కువ దెబ్బ తీసిందని కూడా నమ్ముతాను. పదేపదే ఎదురయ్యే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ముందు జరిగిందేమిటో క్లుప్తంగా చెప్పండి.

1812 జూన్ 24న నెపోలియన్ సేన నీమన్ నది దాటి రష్యాలోకి అడుగుపెట్టింది. రష్యన్లు వెనక్కి తగ్గుతూ పోయారు. ఆగస్టులో స్మొలెన్‌స్క్ తగలబడింది. సెప్టెంబరు 7న మాస్కోకు పడమటన బొరొదినో దగ్గర ఘోరమైన యుద్ధం జరిగింది. సెప్టెంబరు 14న రష్యన్ సైన్యం మాస్కోను వదిలేసింది, అదే రోజు ఫ్రెంచివాళ్ళు ప్రవేశించారు. ఆ రాత్రే మంటలు లేచాయి. నాలుగైదు రోజుల్లో ఊళ్ళో మూడింట రెండు వంతుల ఇళ్ళు పోయాయి. నెపోలియన్ అక్టోబరు 19న ఊరు విడిచి వెళ్ళాడు. డిసెంబరులో సరిహద్దు దాటి తిరిగొచ్చింది ఆ మహాసేన తాలూకు శిథిలం మాత్రమే.

తేదీలు ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంటాయేం?

రష్యాలో అప్పుడు పాత జూలియన్ పంచాంగం నడిచేది. మన క్యాలెండరుకు అది పన్నెండు రోజులు వెనక. బొరొదినో యుద్ధం రష్యన్ లెక్కలో ఆగస్టు 26, మన లెక్కలో సెప్టెంబరు 7. ఇక్కడ అన్నీ మన లెక్కలోనే ఇస్తున్నాను.

రాజధాని పీటర్స్‌బర్గ్ కదా, మాస్కో మీదికి ఎందుకు వెళ్ళాడు?

రష్యా చక్రవర్తి జార్ అలెగ్జాండర్, ఆయన మంత్రులు, కచేరీలు అన్నీ పీటర్స్‌బర్గ్‌లో ఉన్న మాట నిజమే. కానీ జార్లకు పట్టాభిషేకం జరిగేది మాస్కో క్రెమ్లిన్ కోటలోనే. వర్తకానికీ, రోడ్లకూ, మతానికీ నడిబొడ్డు అదే. రష్యన్ ప్రధాన సైన్యం వెనక్కి తగ్గింది కూడా ఆ దారినే. దాన్ని పట్టి ఒక్క పెద్ద యుద్ధంలో విరగ్గొట్టాలన్నది నెపోలియన్ ఎత్తు.

ఆయన అనుభవం కూడా ఆ వైపే లాగింది. 1805లో వియన్నా, 1806లో బెర్లిన్, 1809లో మళ్ళీ వియన్నా చేతికొచ్చాయి. ప్రతిచోటా పెద్దమనుషులు ఎదురొచ్చారు. కచేరీల్లో గుమాస్తాలు మర్నాడు మామూలుగానే పనిలోకి వచ్చారు, రొట్టెల కొట్లు తెరిచారు, సంతలోకి గడ్డిబళ్ళు వచ్చాయి. ఆ తర్వాత రాజులు సంధి పత్రం మీద సంతకం పెట్టారు. ఊరు పట్టుకోవడమంటే నెపోలియన్ దృష్టిలో గోడలను కాదు, ఆ యంత్రాంగాన్ని పట్టుకోవడం. మాస్కోలోనూ అలాగే జరుగుతుందనుకున్నాడు.

బొరొదినోలో గెలిచింది ఎవరు?

మైదానం ఫ్రెంచివాళ్ళ చేతికి వచ్చింది కాబట్టి నెపోలియనే గెలిచినట్టు. అయితే ఒక్క పగటిపూటలో రెండు వైపులా కలిపి డెబ్బై వేల మంది దాకా చనిపోయారు, గాయపడ్డారు. రష్యన్ సైన్యం విరిగిపోలేదు, వరస తప్పకుండా వెనక్కి నడిచింది. నెపోలియన్‌కు కావలసింది ఆ సైన్యం నాశనం కావడం. అది జరగలేదు.

అంత పోరాడినవాళ్ళు ఊరిని కాపాడుకోకుండా ఎందుకు వదిలేశారు?

సెప్టెంబరు 13 సాయంత్రం మాస్కో పొలిమేరలో ఫిలీ అనే పల్లెలో, ఒక రైతు గుడిసెలో సేనానులు కూర్చున్నారు. సేనాధిపతి కుతూజొవ్ అరవై దాటిన మనిషి, ఒక కన్ను పాత యుద్ధాల్లో దెబ్బతింది. బెన్నిగ్సెన్ పోరాడదామన్నాడు. బార్‌క్లే డి తొల్లీ ఊరు వదిలేద్దామన్నాడు. యుద్ధానికి ఎంచుకున్న నేల బాగోలేదు. వెనక నది, దాని వెనక పెద్ద ఊరు. ఓడితే సైన్యం ఆ సందుల్లో ఇరుక్కుని చిక్కిపోతుంది. చివరికి కుతూజొవ్ తేల్చాడు: మాస్కో పోయినా సైన్యం ఉంటే రష్యా ఉంటుంది, సైన్యం పోతే రెండూ పోతాయి.

చెప్పడానికి ఇది ఒక్క వాక్యం. ఆ మాట అన్న మనిషి మీద ఎంత బరువు పడి ఉంటుందో ఊహించండి. మర్నాడు ఆయన సైన్యం మాస్కో వీధుల్లోంచే నడిచి అవతలి వైపు రియజాన్ రోడ్డెక్కింది. చూస్తున్న జనానికి అప్పటిదాకా ఊరు వదిలేస్తున్నారని తెలియదు. వెనుకదళం నాయకుడు మిలొరాదొవిచ్ ఫ్రెంచి ముందుదళం నాయకుడు మ్యురాకు కబురు పంపాడు: మమ్మల్ని నెమ్మదిగా దాటిపోనివ్వండి, లేదంటే వీధి వీధికీ పోరాడతాం. మ్యురా సరేనన్నాడు. ఊరు చెక్కుచెదరకుండా దక్కాలన్న ఆశ ఫ్రెంచివాళ్ళది. కొన్నిచోట్ల రష్యన్ కొజాక్కు రౌతులు, ఫ్రెంచి గుర్రపుదళం దాదాపు పక్కపక్కనే నడిచారు.

జనం అంతా ఒక్క రోజులో ఎలా వెళ్ళిపోయారు?

ఒక్క రోజులో కాదు. రెండు లక్షల డెబ్బై వేల జనాభా ఉన్న ఊరది. స్మొలెన్‌స్క్ పోయిందన్న వార్త రాగానే ప్రభువంశాల వాళ్ళు బళ్ళు కట్టించారు. గవర్నర్ రొస్తొప్‌చిన్ మాత్రం గోడల మీద ప్రకటనలు అంటిస్తూ వచ్చాడు: భయం లేదు, శత్రువు ఊళ్ళోకి రాడు, గొడ్డళ్ళు, ఈటెలు పట్టుకుని మూడు కొండల దగ్గరికి రండి, కలిసి పోరాడదాం. నమ్మి జనం వెళ్ళారు. ఆయన రాలేదు.

దాంతో చివరి రెండు రోజుల్లో వెళ్ళినవాళ్ళ కష్టమే కష్టం. బండి కిరాయిలు ఆకాశాన్నంటాయి. దొరకనివాళ్ళు మూటలు నెత్తిన పెట్టుకుని పిల్లల చేతులు పట్టుకుని నడిచారు. మిగిలినవాళ్ళు కొన్ని వేల మంది: పోవడానికి దారి లేని పేదలు, యజమానుల ఇళ్ళకు కాపలా ఉన్న దాసీజనం, మాస్కోలో స్థిరపడ్డ ఫ్రెంచి, జర్మన్ దుకాణదారులు, పూజారులు, ఆసుపత్రుల్లో క్షతగాత్రులు. జైళ్ళ తలుపులు తీసి వదిలేసిన ఖైదీలు కూడా ఉన్నారు.

ఊరి తాళంచెవుల కోసం నెపోలియన్ కొండ మీద ఎదురుచూశాడన్నది నిజమేనా?

నిజమే. ఆ కొండ పేరు పొక్లొన్నయ. రష్యన్‌లో 'పొక్లోన్' అంటే వంగి పెట్టే దండం. పడమటి నుంచి వచ్చే బాటసారికి మాస్కో తొలిసారి కనబడేది అక్కడే. గోపురాలు కనబడగానే ఆగి దండం పెట్టుకునేవారు. మన భాషలో చెప్పాలంటే దండాల దిబ్బ.

సెప్టెంబరు 14 మధ్యాహ్నం నెపోలియన్ ఆ దిబ్బ మీద నిలబడ్డాడు. ఎండలో బంగారు గోపురాలు మెరుస్తున్నాయి. చుట్టూ సైనికులు 'మాస్కో, మాస్కో' అని కేకలు. ఊరి పెద్దలు తాళంచెవులు పట్టుకుని వస్తారని ఆయన ఎదురుచూశాడు, పిలుచుకు రమ్మని మనుషుల్ని పంపాడు. వాళ్ళు తిరిగొచ్చి, పెద్దలు లేరు, ఎవరూ లేరు, ఊరు ఖాళీ అన్నారు. దొరికిన కొందరు విదేశీ దుకాణదారుల్ని తీసుకొచ్చారంతే. ఆ రాత్రి ఆయన ఊళ్ళోకి వెళ్ళలేదు, దొరొగొమీలొవొ శివారులో పడుకున్నాడు. మర్నాడు క్రెమ్లిన్ చేరాడు.

నా దృష్టిలో ఆ దండయాత్ర మలుపు తిరిగింది ఆ మధ్యాహ్నమే, మంటలు లేవకముందే. ఓడామని ఒప్పుకునేవాడు ఎదురుగా లేనప్పుడు గెలుపు ఎవరి చేత ఒప్పించాలి?

నిప్పు ఎక్కడ మొదలైంది? ఎన్నాళ్ళు కాలింది?

సెప్టెంబరు 14 రాత్రి క్రెమ్లిన్ పక్కనే ఉన్న కితాయ్-గోరొద్ బజారు దుకాణాల్లో, ఇంకా రెండు మూడు చోట్ల మంటలు కనిపించాయి. మొదట ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. దండు దిగిన ఊళ్ళో చిన్నా చితకా మంటలు మామూలే. 15 రాత్రికి గాలి లేచింది, 16న అది పెనుగాలి అయింది. మాస్కో ఇళ్ళలో చాలా వాటికి కలపే గోడలు, కలపే కప్పు. నిప్పు ఒక పేట నుంచి ఇంకో పేటకు గాల్లో ఎగిరి వెళ్ళింది. ఇనుప రేకులు మంటకు లేచి వీధుల్లో పడ్డాయని, రాత్రిపూట పుస్తకం చదువుకునేంత వెలుగు ఉండేదని చూసినవాళ్ళు రాసుకున్నారు. 18న వాన పడి మంట తగ్గింది.

అసలు ఎవరు తగలబెట్టారు?

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. రెండు వందల ఏళ్ళుగా వాదన నడుస్తోంది. నాకు తెలిసినంత వరకు సరుకంతా ముందు పెడతాను.

రొస్తొప్‌చిన్‌కు వ్యతిరేకంగా ఉన్న సాక్ష్యం గట్టిది. ఊరు విడిచే ముందు ఆయన మంటలార్పే పంపుబళ్ళన్నిటినీ సిబ్బందితో సహా ఊరు దాటించాడు. కలప ఇళ్ళ ఊరిని శత్రువుకు వదిలి వెళ్తూ నీళ్ళ పంపులు పట్టుకుపోవడం పొరపాటున జరిగే పని కాదు. ఆ రోజు తెల్లవారుజామున సారా గిడ్డంగికీ, సరుకు నిల్వల దగ్గరికీ వెళ్ళి, శత్రువు వస్తే వీలైనంత తగలబెట్టమని గవర్నర్ తనకు ఆజ్ఞ ఇచ్చాడని వొరొనెంకో అనే పోలీసు అధికారి తర్వాత రాతపూర్వకంగా చెప్పాడు. నదిలో మందుగుండు పడవల్ని తగలబెట్టింది రష్యన్లే. రొస్తొప్‌చిన్ ఊరి బయట వొరొనొవొలో ఉన్న సొంత బంగళాను తన చేత్తో కాల్చి, ఫ్రెంచివాళ్ళ కోసం ఒక చీటీ కూడా వదిలాడు. అంత చేసినవాడు 1823లో పారిస్‌లో ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించి, మాస్కోను తగలబెట్టించింది నేను కాదని చెప్పుకున్నాడు.

నెపోలియన్ ఒక సైనిక న్యాయస్థానం పెట్టించాడు. ఇరవై ఆరు మందిని విచారించి పది మందిని కాల్చి చంపారు. జార్‌కు రాసిన ఉత్తరంలో మాత్రం నాలుగు వందల మంది నిప్పంటిస్తూ పట్టుబడ్డారని చెప్పాడు. కాల్చి చంపినవాళ్ళలో తప్పుడు వీధిలో తప్పుడు వేళకు దొరికినవాళ్ళు ఎందరో. నిప్పు చేతిలో లేకపోయినా, మొహం నచ్చకపోతే చాలు.

ఇక రెండో వైపు. లక్షమంది ఆకలిగొన్న సైనికులు చీకట్లో తాళాలు పగలగొట్టుకుని ఇళ్ళలోకి దూరారు. కొవ్వొత్తులు, కాగడాలు పట్టుకుని సారా నేలమాళిగల్లోకి దిగారు. నడింట్లో నెగళ్ళు వేసుకుని వండుకున్నారు. పొయ్యి మీద కన్నువేసే ఇంటామె లేదు, వీధి కాపలా లేదు, పంపులు లేవు. అలాంటి ఊరు కాలక మానదని టాల్‌స్టాయ్ వాదించాడు. ఆయన మాటలోనూ బలముంది.

నేను నమ్మేది ఇది. తొలి నిప్పుల్లో కొన్ని ఆజ్ఞ మీద పెట్టినవే. ఆ నిప్పు ఊరంతా మింగడానికి కారణం మాత్రం గాలి, కలప, దోపిడీ, పంపులు లేకపోవడం. జార్ ఆజ్ఞాపించాడనడానికి ఆధారం లేదు. ఊరు ఊరంతా కలిసి దేశం కోసం ఇళ్ళు కాల్చుకుందన్నది తర్వాత అల్లుకున్న కథ. కాలిన ఇళ్ళవాళ్ళను ఎవరూ అడగలేదు.

మంటల్లో నెపోలియన్ ఎక్కడున్నాడు?

క్రెమ్లిన్‌లో. కిటికీ దగ్గర నుంచి కిటికీ దగ్గరికి తిరుగుతూ చూస్తున్నాడు. అదే క్రెమ్లిన్ లోపల ఆయన రక్షకదళం తాలూకు మందుగుండు బళ్ళు నిలిపి ఉన్నాయి, పక్కన ఆయుధాగారం. నిప్పురవ్వలు ఆవరణలో పడుతుంటే సైనికులు చీపుర్లతో, నీళ్ళతో ఆర్పుతున్నారు. అది అంటుకుంటే చక్రవర్తితో సహా అంతా గాల్లోకి లేచేదే. చివరికి 16వ తేదీన మాట విని బయటపడ్డాడు. కాలుతున్న సందుల్లోంచి, వేడికి మొహాలు కప్పుకుంటూ, చుట్టు తిరిగి ఊరి బయట పెత్రోవ్‌స్కీ మహలు చేరుకున్నారు. 18న తిరిగి క్రెమ్లిన్‌కు వచ్చాడు.

సైనికులు దోచుకోవడం నిజమేనా? అధికారులు ఆపలేదా?

మొదట ఆపబోయారు. మంట పెరిగాక, ఎలాగూ కాలిపోయేదే కదా అని పట్టు వదిలేశారు. ఆ తర్వాత దండు దండులా లేదు. పెత్రోవ్‌స్కీ దారిలో బురదపొలాల్లో విడిది చేసిన సైనికులు మహాగని బల్లలు, బంగారు పూత కిటికీ చట్రాలు నరికి నెగళ్ళు వేసుకున్నారు. పట్టు పాన్పుల మీద కూర్చుని, వెండి పళ్ళాల్లో గుర్రం మాంసం తిన్నారు. మాస్కోలో ఏముందంటే ద్రాక్షసారా, పంచదార, టీ, ఉన్ని తోళ్ళు, కాశ్మీరు శాలువాలు. ఏం లేవంటే పిండి, గడ్డి.

ఇందులో ఫ్రెంచివాళ్ళే కాదు, పోలిష్, జర్మన్, ఇటాలియన్ సైనికులూ ఉన్నారు. ఊళ్ళో మిగిలిన పేద రష్యన్లు కొందరు, చుట్టుపక్కల రైతులు కూడా దోపిడీలో చేయి వేశారు. చర్చీల్లో గుర్రాల్ని కట్టేశారు. జనం మనసులో చాలాకాలం మిగిలిపోయిన గాయం అదే.

గాయపడినవాళ్ళ సంగతి ఎవరూ చెప్పరేం?

చెప్పాలి. నా వరకు ఈ కథలో అందరికన్నా ముందు గుర్తొచ్చేది వాళ్ళే. బొరొదినో నుంచి మాస్కోకు బళ్ళ మీద వేల మంది క్షతగాత్రుల్ని తెచ్చారు. ఊరు వదిలే రోజున బళ్ళు చాలలేదు. గవర్నర్ బళ్ళు ఖజానాకూ, దస్తావేజులకూ వెళ్ళాయి. క్రెమ్లిన్ నిధులు క్షేమంగా నీజ్నీ నొవ్‌గొరొద్ చేరాయి. నడవగలిగిన వాళ్ళు కర్రలు పట్టుకుని సైన్యం వెనక నడిచారు. కాళ్ళు పోయినవాళ్ళు, జ్వరంతో ఉన్నవాళ్ళు మంచాల మీదే ఉండిపోయారు. శత్రువు దయచూస్తాడని నమ్మి వదిలి వెళ్ళారు. ఆసుపత్రులు అంటుకున్నప్పుడు కిటికీల్లోంచి దూకగలిగిన వాళ్ళు దూకారు. మిగిలినవాళ్ళు లోపలే కాలిపోయారు.

ఊరు ఖాళీ చేయడం గొప్ప ఎత్తుగడ అని రాసేవాళ్ళు ఈ మంచాల్ని కూడా లెక్కలో కలపాలి. కుతూజొవ్ నిర్ణయం సరైనదేనని నేనూ ఒప్పుకుంటాను. దాని ఖరీదు కట్టింది మాత్రం ఆయన కోసం రెండు వారాలైనా కాకముందు రక్తం ధారపోసిన మనుషులే.

ఒక్క మంచి సంగతి కూడా చెప్పాలి. మొస్క్వా నది ఒడ్డున ఉన్న అనాథ శిశు శరణాలయం బతికింది. పెద్దపిల్లల్ని ముందే పంపేశారు, చంటిపిల్లలు మిగిలారు. అధికారి తుతోల్మిన్ పారిపోలేదు. ఫ్రెంచివాళ్ళను అడిగి కాపలా పెట్టించుకున్నాడు. చుట్టూ అంతా మండుతుంటే సిబ్బందితో కలిసి రాత్రంతా కప్పుల మీద నీళ్ళు పోయించాడు.

ముప్పై అయిదు రోజులు నెపోలియన్ ఏం చేశాడు?

ఎదురుచూశాడు. జార్ నుంచి ఉత్తరం వస్తుందని.

మొదట తుతోల్మిన్ చేత, పీటర్స్‌బర్గ్‌కు అతను పంపే నివేదికలో సంధి మాట రాయించాడు. తర్వాత ఊళ్ళో చిక్కుకుపోయిన యాకొవ్లెవ్ అనే జమీందారుకు, ఉత్తరం జార్‌కు అందిస్తానంటేనే కుటుంబంతో బయటపడనిస్తానన్నాడు. ఆ కుటుంబంలో అయిదు నెలల పసివాడు ఉన్నాడు. పెద్దయ్యాక రష్యన్ ఆలోచననే మార్చిన అలెగ్జాండర్ హెర్జెన్ అతనే. అక్టోబరు 5న లొరిస్తోన్ అనే సేనానిని ఏకంగా కుతూజొవ్ దగ్గరికి పంపాడు. కుతూజొవ్ మర్యాదగా మాట్లాడాడు, చక్రవర్తికి తెలియజేస్తానన్నాడు, రోజులు గడిపాడు. జార్ ఒక్కదానికీ బదులు రాయలేదు. శత్రుసైనికుడు ఒక్కడు నేల మీద ఉన్నా సంధి లేదన్నది ఆయన పట్టు.

ఈలోగా నెపోలియన్ ఊరు నడుస్తున్నట్టు చూపించాలనుకున్నాడు. తన సేనాని మోర్తియేను గవర్నరుగా పెట్టాడు. మిగిలిన జనంలోంచి ఒక వర్తకుణ్ణి పెద్దగా పెట్టి పురపాలక సంఘం వేయించాడు. రైతులారా, సరుకు తెచ్చి అమ్ముకోండి అని చాటించాడు. వచ్చిన ఒకరిద్దరిని దారిలోనే సైనికులు దోచుకున్నారు, ఆ తర్వాత ఎవరూ రాలేదు. చేతికిచ్చే రూబుల్ నోట్లలో కూడా ఫ్రెంచివాళ్ళు అచ్చు వేసి తెచ్చిన దొంగనోట్లు ఉన్నాయి. ఊళ్ళో చిక్కుకున్న ఫ్రెంచి నటులతో నాటకాలు ఆడించారు. పారిస్ నాటకశాల కొమెదీ-ఫ్రాన్సేజ్ నియమావళి మీద క్రెమ్లిన్‌లో కూర్చుని సంతకం చేశాడు. దాని మీద తేదీ 1812 అక్టోబరు 15. అంటే కాలిపోయిన ఊరి నుంచి బయల్దేరడానికి నాలుగు రోజుల ముందు.

కుతూజొవ్ సైన్యం అప్పుడెక్కడ ఉంది?

ఇక్కడే అసలైన నేర్పు ఉంది. రియజాన్ రోడ్డున తూర్పుకు పోతున్నట్టు కనిపించి, చప్పుడు కాకుండా పడమటికి తిరిగి కలూగా రోడ్డు మీదికి చేరాడు. ఫ్రెంచి గుర్రపుదళం కొజాక్కుల వెంట పడి కొన్ని రోజుల పాటు అసలు సైన్యం జాడే కోల్పోయింది. తరూతినొ దగ్గర విడిది చేసి కలూగా ధాన్యాన్నీ, తూలా తుపాకి కర్మాగారాల్నీ వెనక పెట్టుకున్నాడు. కొత్త సైనికులు వచ్చారు, గుర్రాలకు మేత దొరికింది. మాస్కోలో ఫ్రెంచి గుర్రాలు చస్తుంటే తరూతినొలో రష్యన్ గుర్రాలు ఒళ్ళు చేశాయి. దవీదొవ్, ఫిగ్నర్ వంటి వాళ్ళ చిన్న దళాలు, కత్తులు, పంగలకర్రలు పట్టిన రైతులు కలిసి మేతకు వెళ్ళిన ఫ్రెంచి గుంపుల్ని దారుల్లో దెబ్బతీశారు.

మాస్కోలో సరుకు దొరికింది కదా, శీతాకాలం అక్కడే ఉండాల్సింది కాదా?

మనుషుల వరకు కొన్ని నెలలు నెట్టుకొచ్చేవారేమో. గుర్రాలు బతకవు. గుర్రం లేకపోతే ఫిరంగి కదలదు, బండి కదలదు, కబురు వెళ్ళదు. గడ్డి కోసం రోజురోజుకూ దూరం వెళ్ళాల్సి వచ్చేది, రోజురోజుకూ తక్కువ మంది తిరిగొచ్చేవారు. పైగా పారిస్ నుంచి అంత దూరాన ఆరు నెలలు కూర్చుంటే వెనక యూరప్‌లో ఏమవుతుందోనన్న గుబులు.

వాతావరణం కూడా మోసం చేసింది. ఆ శరదృతువు చాలా హాయిగా గడిచింది. రష్యా చలి గురించి బెదిరించారే, ఇది మన ఫోంతెన్‌బ్లో ఎండలా ఉందని నెపోలియన్ అన్నాడట. రష్యాలో రాయబారిగా పనిచేసిన కోలాన్‌కూర్ హెచ్చరించినా వినలేదు. లాడం సంగతే చూడండి. మంచు మీద నడిచే గుర్రానికి మామూలు లాడం పనికిరాదు, కింద మొనలు తేలిన లాడం కొట్టించాలి, లేకపోతే జారి పడుతుంది. కోలాన్‌కూర్ తన అధీనంలో ఉన్న చక్రవర్తి గుర్రాలకు అవి వేయించాడు. మిగతా సైన్యానికి వేయించేవాడు లేడు. తర్వాత గడ్డకట్టిన ఏటవాలు దారుల్లో వేల గుర్రాలు పడి లేవలేకపోయాయి. కమ్మరి దగ్గర తేలే పని అది.

అక్టోబరు 13న తొలి మంచు రాలింది. 18న తరూతినొ దగ్గర రష్యన్లు మ్యురా మీద విరుచుకుపడ్డారు. 19న నెపోలియన్ కదిలాడు.

వెళ్తూ క్రెమ్లిన్‌ను పేల్చేశాడంటారు?

పేల్చమని ఆజ్ఞాపించాడు. వెనక ఉండిపోయిన మోర్తియే గోడల కింద మందు కూరించాడు. అక్టోబరు 21-23 మధ్య పేలుళ్ళు జరిగాయి. వాన పడి వత్తులు తడిసిపోవడంతో అన్నీ అంటుకోలేదు. నది వైపు వొదొవ్జ్‌వొద్నయ బురుజు కూలింది, ఆయుధాగారంలో కొంత భాగం పోయింది, నికొల్‌స్కయ బురుజు దెబ్బతింది. ఇవాన్ మహా గంటల గోపురం పక్క కట్టడాలు కూలాయి గాని గోపురం నిలబడింది. యుద్ధంతో ఏ అవసరమూ లేని పని. ఉత్తరానికి బదులు రాలేదన్న కోపం తప్ప దీనికి ఇంకో కారణం నాకు కనబడదు.

మొత్తానికి చలే ఓడించిందా?

చలికన్నా ముందే సగం పని అయిపోయింది. జూన్‌లో నది దాటిన నాలుగు లక్షల పైచిలుకు ప్రధాన సేనలో మాస్కో చేరింది లక్ష. కొందరిని దారిలో కాపలాకు ఉంచారు. మిగిలినవాళ్ళను తీసుకుపోయింది వేసవి ఎండ, మురికి నీళ్ళు, విరేచనాలు, టైఫస్, పరుగు. మాస్కో విడిచాక దక్షిణంగా పోదామంటే అక్టోబరు 24న మలొయరొస్లావెత్స్ దగ్గర కుతూజొవ్ అడ్డుపడ్డాడు. వచ్చిన దారినే, తామే ఊడ్చి తిన్న దారినే తిరిగి పోవాల్సి వచ్చింది. బొరొదినో మైదానం మీదుగా నడిచారు. యాభై రోజులైనా శవాలు అలాగే ఉన్నాయి. గట్టి చలి పట్టుకుంది నవంబరులో. అప్పటికే అది ఆకలితో ఉన్న సైన్యం.

ఇది మన హంపీలాంటిదేనా?

1565లో తళ్ళికోట తర్వాత తిరుమలరాయలు ఖజానాతో పెనుకొండ దారి పట్టడం, నాథుడు లేని విజయనగరాన్ని నెలల తరబడి దోచి తగలబెట్టడం చదివినవాళ్ళకు ఈ పోలిక తడుతుంది. పెద్ద తేడా ఒకటుంది. అక్కడ సైన్యం విరిగింది కాబట్టి ఊరు పోయింది. ఇక్కడ సైన్యాన్ని నిలుపుకోవడానికి ఊరు వదిలారు. విజయనగరం మళ్ళీ కోలుకోలేదు. మాస్కో జనం ఆ శీతాకాలమే తిరిగొచ్చి బూడిదలో గుడిసెలు వేసుకున్నారు.

ఎంత పోయింది? ఏం మిగిలింది?

తొమ్మిది వేల పైచిలుకు ఇళ్ళలో ఆరున్నర వేల దాకా, 329 చర్చీల్లో 122, ఎనిమిది వేలకు పైగా దుకాణాలు, గిడ్డంగులు కాలిపోయాయి. విశ్వవిద్యాలయం పుస్తకాలతో సహా పోయింది. అనాథ శరణాలయంతో పాటు కుజ్నెత్స్‌కీ వంతెన దగ్గరి ఫ్రెంచి దుకాణాల పేట నిలిచింది. తిరిగొచ్చాక వీధుల్లోంచి పన్నెండు వేల దాకా మనుషుల శవాలు, అన్నే గుర్రాల కళేబరాలు తీయాల్సి వచ్చింది. 1813లో పునర్నిర్మాణ సంఘం ఏర్పడింది, వాస్తుశిల్పి ఒసిప్ బొవే చేతుల మీదుగా ఎర్ర మైదానం చుట్టుపక్కల కొత్త రూపు దిద్దుకుంది.

మా తరంలో చాలామందికి మాస్కో అంటే మొదట ఒక తెలుగు పుస్తకం లోపలి పేజీ. 'ప్రగతి ప్రచురణాలయం, మాస్కో' అన్న అచ్చు. విశాలాంధ్రలో తక్కువ ధరకు కొనుక్కున్న ఆ నున్నటి కాగితాల వాసన. అందుకేనేమో, కాలిపోయిన వాటిలో నన్ను బాగా కుదిపేది ఒక పుస్తకం. పన్నెండో శతాబ్దపు ఈగొర్ రాజు దండయాత్ర మీద పాత రష్యన్ భాషలో ఒక వీరగాథ ఉంది. దాని చేతిరాత ప్రతి ఒక్కటే దొరికింది. ముసిన్-పూష్కిన్ అనే ప్రభువు దాన్ని సంపాదించి 1800లో అచ్చు వేయించాడు. మూలప్రతి మాస్కోలో ఆయన ఇంట్లో ఉండేది. ఇంటితో పాటు కాలిపోయింది. ఇప్పుడు మిగిలింది ఆ అచ్చు ప్రతి, అంతకుముందు మహారాణి కేథరిన్ కోసం రాసిన ఒక నకలు. రెండింటి మధ్య తేడా ఉన్నచోట మూలంలో ఏముందో చూసుకోవడానికి దారి లేదు.

ఇప్పుడు మాస్కో వెళ్తే ఏం చూడవచ్చు?

క్రెమ్లిన్ ఆయుధాగారం గోడ వెంబడి వరసగా పెట్టిన ఫిరంగుల్లో చాలావరకు తిరుగుదారిలో ఫ్రెంచివాళ్ళు వదిలేసినవే. కూలిన వొదొవ్జ్‌వొద్నయ బురుజును బొవే మళ్ళీ కట్టాడు. ఫిలీలో గుడిసె 1868లో కాలిపోతే 1887లో అదే చోట మళ్ళీ కట్టారు, లోపల చిన్న ప్రదర్శనశాల ఉంది. పొక్లొన్నయ కొండలో చాలాభాగాన్ని గత శతాబ్దంలో చదును చేసేశారు. ఇప్పుడక్కడ రెండో ప్రపంచ యుద్ధ విజయానికి పెద్ద పార్కు ఉంది. ఆ పక్కనే పోయే రాజబాట పేరు కుతూజొవ్‌స్కీ.